గ్యాస్ ప్లాంటు హజాప్ రికార్డు ఎలా రాయాలి

‘లెవెల్ తగ్గవచ్చు. అలారం ఉంది. సరిపోతుంది.’

మీ ప్లాంటు హజాప్ (ప్రమాదం ఎక్కడ పుట్టవచ్చో టీమ్ కూర్చుని వరుసగా వెతికే స్టడీ) రిపోర్టు తెరిచి చూడండి, ఇలాంటి వరుస ఒకటైనా కనబడుతుంది. రాసిన రోజున గదిలో ఉన్న అందరికీ అది అర్థమైంది. ఏ లెవెల్, ఏ అలారం, ఎందుకు సరిపోతుంది అని అప్పటిదాకా అరగంట వాదించుకున్నారు కదా! ఆరేళ్ల తర్వాత ఆ అలారం తీసేద్దామని ఎవరో మార్పు ప్రతిపాదన పెడతారు. అవునో కాదో చెప్పాల్సిన ఇంజినీరుకి ఆ వరుసలో పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకదు.

హజాప్ రికార్డు రాయాల్సింది ఆ ఇంజినీరు కోసం. మీటింగులో కూర్చున్నవాళ్లకి ఎలాగూ కొన్నాళ్లు గుర్తుంటుంది. ఆ తర్వాత దాన్ని తెరిచేవాళ్లు వేరు: సిల్ (ప్రమాదం వస్తే ప్లాంటుని ఆపే వ్యవస్థ ఎంత నమ్మదగ్గదై ఉండాలో చెప్పే స్థాయి) లెక్కలు కట్టేవాళ్లు, ఐదేళ్లకి స్టడీని తిరగదోడడానికి వచ్చే కొత్త టీమ్, ఆడిటర్, ఏదైనా జరగరానిది జరిగితే విచారణ కమిటీ. వీళ్లెవరూ ఆ గదిలో లేరు.

ఇది స్క్రైబ్‌గా (చర్చని రికార్డు రాసేవాళ్లుగా) కూర్చోబోయేవాళ్లకి, మొదటిసారి హజాప్ లీడర్ బాధ్యత మీద పడినవాళ్లకి రాస్తున్నాను. పద్ధతి మీకు తెలుసనే అనుకుంటాను. 1960లలో బ్రిటన్ రసాయనాల కంపెనీ ఐసీఐలో రూపుదిద్దుకుని, 2001లో ఐఈసీ 61882 ప్రమాణంగా వచ్చి, 2016లో రెండో కూర్పు పొందిన పద్ధతి అది. ప్రాసెస్‌ని నోడ్‌లుగా, అంటే విడి భాగాలుగా, విడగొట్టి, ఫ్లో, ప్రెషర్, టెంపరేచర్, లెవెల్ లాంటివాటికి ‘లేదు, ఎక్కువ, తక్కువ, వెనక్కి, వేరొకటి’ అనే గైడ్‌వర్డ్‌లు తగిలించి, దారి ఎక్కడ తప్పవచ్చో (అదే డీవియేషన్) వెతుకుతాం. ఇక్కడ చెప్పేదంతా వెతికి పట్టుకున్నదాన్ని రాయడం గురించే.

1. ముందు డ్రాయింగులు ఫ్రీజ్ చేయండి

స్టడీ మొదలయ్యే ముందే ఒక పట్టిక తయారు చేయండి. పీఅండ్ఐడీలు (పైపులు, ఇన్‌స్ట్రుమెంట్లు చూపే డ్రాయింగులు), హీట్ అండ్ మెటీరియల్ బ్యాలెన్స్, కాజ్ అండ్ ఎఫెక్ట్ చార్ట్, పీఎస్‌వీ (ప్రెషర్ మితిమీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు) డేటాషీట్లు, లైన్ లిస్ట్, అలారం, ట్రిప్ (తనంతట తానే ఆపేసే ఏర్పాటు) సెట్‌పాయింట్ల జాబితా, ఆపరేటింగ్ ప్రొసీజర్లు, పాత హజాప్, జరిగిన ఘటనల రిపోర్టులు. ప్రతిదానికీ డాక్యుమెంట్ నంబరు, రివిజన్, తేదీ ఉండాలి. ‘లేటెస్ట్ పీఅండ్ఐడీ’ అని రాయకండి. ఈ రోజు లేటెస్ట్ వచ్చే నెలకి పాతది.

నడుస్తున్న ప్లాంటైతే డ్రాయింగు పట్టుకుని ఫీల్డులో ఒకసారి లైన్లు తిరగండి. బైపాస్ వాల్వు ఒకటి డ్రాయింగులో లేకుండా దర్శనమివ్వడం అరుదేమీ కాదు. మీటింగులో బయటపడిన తప్పులన్నీ ఒకే మాస్టర్ సెట్ మీద ఎర్ర సిరాతో దిద్దండి. అదే సెట్ మీద నోడ్‌ల రంగులు కూడా వేయండి. చివర్లో స్కాన్ చేసి రిపోర్టుకి జతచేసేది ఆ సెట్నే, మళ్లీ ప్రింటు తీసిన శుభ్రమైన కాపీని కాదు.

కంప్రెసర్, టర్బో ఎక్స్‌పాండర్ లాంటి ప్యాకేజీల డ్రాయింగులు వెండరు నుంచి ఆలస్యంగానే వస్తాయి. స్టడీలో వాటిని చూడలేకపోతే ఆ సంగతి రిపోర్టు మొదటి పేజీల్లోనే రాయండి: ‘ఈ ప్యాకేజీ లోపలి భాగం పరిశీలించలేదు. డ్రాయింగులు వచ్చాక విడిగా చేయాలి, బాధ్యత ఫలానా పదవిది.’ ఇది రాయకపోతే చదివేవాడు అదీ చూసే ఉంటారనుకుంటాడు. చూడనిదాన్ని చూడలేదని రాయడమే ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా నిజాయితీ గల వాక్యం, ఎక్కువగా ఎగిరిపోయేదీ అదే.

టీమ్ ఒప్పుకున్న ఊహలు కూడా ఇక్కడే రాసేయాలి. ‘ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు ఒకేసారి వస్తాయని అనుకోము’ అనేది మామూలుగా అందరూ పెట్టుకునే నియమం. దాని పక్కనే ఇంకో వాక్యం ఉండాలి: బయటికి కనబడకుండా ముందే పాడై ఉండగలిగిన పరికరానికి ఈ నియమం వర్తించదు. బిగుసుకుపోయిన చెక్ వాల్వు, ఏళ్ల తరబడి టెస్ట్ చేయని ట్రిప్ వాల్వు ఆ కోవలోకే వస్తాయి. ఈ రెండో వాక్యం లేకపోతే ‘అది డబుల్ జెపర్డీ’ అన్న ఒక్క మాటతో ఏ చర్చనైనా ఆపేయవచ్చు.

2. నోడ్ వివరణలో అంకెలు ఉండాలి

‘అమీన్ సెక్షన్’ అని రాస్తే అది నోడ్ పేరే, వివరణ కాదు. ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఏ డ్రాయింగుల మీద, లోపల ఏముంది, ఎంత ప్రెషర్, ఎంత టెంపరేచర్, ఏ పనికోసం అన్నవి ఉండాలి. ఒక ఊహా ప్లాంటు నుంచి ఉదాహరణ చూడండి:

‘నోడ్ 4: అబ్జార్బర్ సీ-2101 అడుగు నుంచి లెవెల్ కంట్రోల్ వాల్వు ఎల్‌వీ-2101 మీదుగా ఫ్లాష్ డ్రమ్ వీ-2102 వరకు, డ్రమ్‌తో కలిపి. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకున్న రిచ్ అమీన్‌ని 65 బార్ నుంచి 6 బార్‌కి దించి, అందులో కరిగిన హైడ్రోకార్బన్లని విడదీయడం ఉద్దేశం. సీ-2101 డిజైన్ ప్రెషర్ 75 బార్, వీ-2102 డిజైన్ ప్రెషర్ 10 బార్.’

ఈ ఆఖరి వాక్యంలోనే మొత్తం ప్రమాదం ఉంది. 75కీ 10కీ మధ్య ఒక్క కంట్రోల్ వాల్వు. అందుకే హై ప్రెషర్, లో ప్రెషర్ కలిసే చోటుని నోడ్ సరిహద్దుగా పెట్టకండి, నోడ్ మధ్యలో పెట్టండి. సరిహద్దు మీద పెడితే పై నోడ్ చేసేటప్పుడు ‘అది కింద చూద్దాం’ అంటారు, కింది నోడ్‌కి వచ్చేసరికి ‘అది పైన అయిపోయింది’ అంటారు.

ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ (వాల్వుల్ని నడిపే గాలి), కరెంటు, నైట్రోజన్, ఫ్లేర్ (వదిలిన గ్యాస్‌ని కాల్చేసే చోటు), కూలింగ్ వాటర్ వంటివాటికి విడి నోడ్‌లు పెట్టండి. ప్లాంటంతటికీ ఒకేసారి గాలి పోతే ఏ వాల్వు తెరుచుకుంటుంది, ఏది మూసుకుంటుంది, అవన్నీ కలిసి ఫ్లేర్ మీద ఎంత భారం వేస్తాయి అన్నది ఏ ఒక్క నోడ్‌లోనూ తేలదు.

3. కారణం గడిలో పరికరం పేరు

వర్క్‌షీట్‌లో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన గడి ఇదే. మిగతా గడులన్నీ దీనిమీద ఆధారపడతాయి.

‘లెవెల్ కంట్రోల్ ఫెయిల్యూర్’ అనేది కారణం కాదు. లూప్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది, కంట్రోలర్ ఉంది, వాల్వు ఉంది. ఒక్కోటి ఒక్కోలా పాడవుతుంది, ఒక్కోదానికి మిగిలే రక్షణ వేరు. పై నోడ్‌లోనే చూడండి. లెవెల్ ట్రాన్స్‌మిటర్ ఎల్‌టీ-2101 ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తే కంట్రోలర్ వాల్వుని పూర్తిగా తెరిచేస్తుంది. అబ్జార్బర్ ఖాళీ అవుతుంది. ఆ సమయంలో స్క్రీన్ మీద లెవెల్ నిండుగా కనబడుతుంది! అదే ట్రాన్స్‌మిటర్ మీద ఉన్న లో లెవెల్ అలారం మోగనే మోగదు. అలా కాకుండా వాల్వే తెరిచిన స్థితిలో ఇరుక్కుంటే అలారం చక్కగా మోగుతుంది. రెండింటినీ కలిపి ‘లూప్ ఫెయిల్యూర్’ అని ఒకే వరుసలో రాసి, పక్కన రక్షణగా ‘లో లెవెల్ అలారం’ అని పెడితే, మొదటి కారణానికి లేని రక్షణని ఉన్నట్టు రాసినట్టే.

ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ పోవడం ఇక్కడ కారణమవుతుందా? ఎల్‌వీ-2101 గాలి పోతే మూసుకునే రకమైతే కాదు. అది ‘లెవెల్ ఎక్కువ’ అనే వరుసలోకి వెళ్తుంది. అందుకే వాల్వు ఫెయిల్ పొజిషన్ చూడకుండా ‘ఎయిర్ ఫెయిల్యూర్’ అని ప్రతి డీవియేషన్ కింద అంటించకండి.

మూడో కారణం మనిషి: ఎల్‌వీ-2101 మరమ్మతు కోసం బైపాస్ వాల్వు తెరిచి, పని అయ్యాక పూర్తిగా మూయకపోవడం. దీన్ని విడి వరుసగా రాయాలి. ‘ఆపరేటర్ ఎర్రర్’ అని రాయకండి, ఏ పనిలో ఏ వాల్వుతో ఏం జరిగిందో రాయండి.

కారణాలు నోడ్ లోపలివి రాయండి, పర్యవసానాలు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా వెళ్లండి. పక్క నోడ్ నుంచి వచ్చే కారణమైతే ఆ వరుస నంబరుతో రెఫరెన్స్ ఇవ్వండి.

4. పర్యవసానం: రక్షణలేవీ లేవనుకుని చివరిదాకా

పర్యవసానం రాసేటప్పుడు ట్రిప్‌లు, పీఎస్‌వీలు, అలారాలు ఏవీ లేవనుకోవాలి. ‘ప్రెషర్ పెరుగుతుంది, పీఎస్‌వీ లేస్తుంది’ అని రాస్తే పర్యవసానం, రక్షణ రెండూ ఒకే గడిలో కలిసిపోయాయి. పీఎస్‌వీ లేవకపోతే ఏమవుతుందో ఎవరూ అడగలేదని దాని అర్థం.

వాక్యాన్ని మెట్టుమెట్టుగా నడిపించండి. పరికరంలో ఏమవుతుంది, అది ఎక్కడ తెగుతుంది, ఏం బయటికొస్తుంది, ఎవరికి తగులుతుంది. ‘పరికరం దెబ్బతినవచ్చు’ దగ్గర ఆగిపోకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న గ్యాస్ అయితే ఎన్ని పీపీఎంలో రాయండి. 100 పీపీఎంని ప్రాణానికి తక్షణ ప్రమాదకర స్థాయిగా లెక్కిస్తారు, పైగా ఆ మోతాదుకి వచ్చేసరికి ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. స్ట్రీమ్‌లో 2 పీపీఎం ఉందా, 2 శాతం ఉందా అన్నదాన్ని బట్టి ఈ వరుస తీవ్రత పూర్తిగా మారిపోతుంది.

పర్యవసానాన్ని నోడ్ గోడ దగ్గర ఆపేస్తే ఏమవుతుందో చెప్పడానికి లాంగ్‌ఫర్డ్‌ని మించిన ఉదాహరణ గ్యాస్ ప్లాంట్లలో లేదు. 1998 సెప్టెంబర్ 25న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో లాంగ్‌ఫర్డ్ గ్యాస్ ప్లాంట్-1లో వేడి లీన్ ఆయిల్ సర్క్యులేషన్ ఆగిపోయింది. చూడ్డానికి ‘ఫ్లో లేదు’ అనే మామూలు డీవియేషన్. పంపు ఆగింది, ఉత్పత్తి ఆగింది, ఆపరేషన్ సమస్య అని రాసి ముందుకు పోవచ్చు. అయితే ఆ వేడి నూనె రాకపోయేసరికి దిగువన ఉన్న హీట్ ఎక్స్ఛేంజర్ ఒకటి సుమారు మైనస్ 48 డిగ్రీలకి చల్లబడింది. ఆ చలికి ఉక్కు పెళుసెక్కింది. గంటల తర్వాత వేడి నూనెని తిరిగి పంపగానే అది పగిలింది. ఇద్దరు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు, రాష్ట్రానికి దాదాపు రెండు వారాలు గ్యాస్ సరఫరా దెబ్బతింది. ఆ ప్లాంటుకి హజాప్ చేయాలని ముందే అనుకున్నారనీ, అది జరగనే లేదనీ రాయల్ కమిషన్ విచారణలో తేలింది.

రాసేవాళ్లకి ఇందులో పనికొచ్చేవి రెండున్నాయి. ‘ఫ్లో లేదు’ పర్యవసానం ‘టెంపరేచర్ తక్కువ’ అయి వేరే పరికరంలో తేలుతుంది. కాబట్టి ప్రతి ఫ్లో డీవియేషన్ కింద ఆ ప్రవాహం మోసే వేడి లేదా చలి ఎక్కడికి పోతుందో రాయండి, అక్కడి లోహం కనిష్ఠ డిజైన్ టెంపరేచర్ అంకెతో సహా. మామూలు కార్బన్ స్టీల్ పైపింగ్‌ని సాధారణంగా మైనస్ 29 వరకే వాడతారు. రెండోది, అసలు పగులు ఆగినప్పుడు కాదు, మళ్లీ మొదలుపెట్టినప్పుడు వచ్చింది. పర్యవసానం గడిలో ‘రీస్టార్ట్’ అనే మాట కనిపించాల్సిన వరుసలు మీరనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటాయి.

5. రక్షణలు: ట్యాగ్, సెట్‌పాయింట్, చర్య

ఏది రక్షణ అని రాయవచ్చు? ఆ కారణంతో పాటే పాడవకూడదు. పర్యవసానం వచ్చేలోపే పనిచేయాలి. ఎవరైనా పరీక్షించి చూడగలగాలి. ‘శిక్షణ పొందిన సిబ్బంది’, ‘మంచి డిజైన్’, ‘ప్రివెంటివ్ మెయింటెనెన్స్’ ఈ మూడింటికీ నిలబడవు. వాటిని రాయకండి. ఇలాంటివి పదిసార్లు కాపీ, పేస్ట్ అయిన రిపోర్టు లావుగా కనిపిస్తుంది, లోపల డొల్ల.

అలారం రాస్తే దాని ట్యాగ్, సెట్‌పాయింట్, ఆపరేటర్ చేసే పని, అందుకు దొరికే సమయం రాయండి. అలారం మోగినప్పటినుంచి అబ్జార్బర్ అడుగు ఖాళీ కావడానికి మూడు నిమిషాలే పడితే, ఫీల్డుకెళ్లి వాల్వు మూయమనే అలారం పేరుకే రక్షణ. ఈ సమయం ప్రాసెస్ ఇంజినీరు అక్కడికక్కడ లెక్కగట్టి చెప్పగలడు. కాబట్టి అడగండి, వచ్చిన అంకె రాయండి.

పీఎస్‌వీ రాస్తే ఈ కేసుకి సైజు చేశారో లేదో డేటాషీట్ తెరిచి చూడండి. ఫ్లాష్ డ్రమ్ మీది పీఎస్‌వీ తరచుగా ఫైర్ కేసుకి (బయట మంట అంటుకునే పరిస్థితికి) సైజు చేసి ఉంటుంది. పై నుంచి 65 బార్ గ్యాస్ పూర్తిగా తెరుచుకున్న వాల్వు గుండా దూసుకొస్తే (దీన్నే బ్లో-బై అంటారు) అది చాలకపోవచ్చు. చెక్ వాల్వు రాస్తే అది లీక్ అవుతుందనే అనుకోండి, ప్రెషర్ తేడా ఎక్కువున్న చోట మరీనూ.

ఇప్పుడు పూర్తి వరుస ఒకటి ఎలా ఉండాలో చూడండి.

డీవియేషన్: నోడ్ 4, లెవెల్ తక్కువ / లేదు.

కారణం 4.7.1: ఎల్‌టీ-2101 ఉన్నదానికన్నా ఎక్కువ లెవెల్ చూపడం, ఎల్‌వీ-2101 పూర్తిగా తెరుచుకోవడం.

పర్యవసానం: సీ-2101 అడుగున అమీన్ ఖాళీ అయి 65 బార్ గ్యాస్ ఎల్‌వీ-2101 ద్వారా వీ-2102లోకి పోతుంది. వీ-2102 ప్రెషర్ డిజైన్ 10 బార్‌ని మించి, డ్రమ్ లేదా దాని కనెక్షన్లు పగిలే అవకాశం. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న మండే గ్యాస్ విడుదల, మంటలు, విషవాయువు, దగ్గర్లో ఉన్నవాళ్లకి ప్రాణాపాయం.

రక్షణలు: (అ) ఎల్‌టీ-2103, విడి నాజిల్ మీది విడి ట్రాన్స్‌మిటర్, లో-లో లెవెల్ దగ్గర షట్‌డౌన్ వాల్వు ఎస్‌డీవీ-2104ని మూస్తుంది. (ఆ) పీఎస్‌వీ-2105, ఫ్లేర్‌కి, బ్లో-బై కేసుకి సైజు చేసినట్టు డేటాషీట్ రివిజన్ 2లో ఉంది.

గమనిక: ఎల్‌టీ-2101 మీది లో అలారాన్ని ఈ కారణానికి రక్షణగా లెక్కించలేదు, ట్రాన్స్‌మిటర్ ఒకటే కాబట్టి. పీఎస్‌వీ సైజింగ్‌లో ఎల్‌వీ-2101 బైపాస్ తెరిచి ఉన్న పరిస్థితిని తీసుకున్నదీ లేనిదీ డేటాషీట్‌లో కనబడలేదు, సిఫార్సు 17 చూడండి.

ఆ గమనిక గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నన్నడిగితే వర్క్‌షీట్‌లో ఎక్కువ విలువైనది అదే. ఏది రాయలేదో, ఎందుకు రాయలేదో అక్కడే తెలుస్తుంది. బైపాస్ లైను ఎస్‌డీవీ-2104 తర్వాత మొదలవుతుందా, దాన్ని కూడా చుట్టేసి పోతుందా అన్న ప్రశ్న కూడా అక్కడే పుడుతుంది. చుట్టేసి పోతే బైపాస్ కారణానికి రక్షణ (అ) గల్లంతు.

6. రిస్క్ ర్యాంకింగ్

దీనిమీద ఎక్కువ సేపు కూర్చోకండి. మీ సంస్థ మ్యాట్రిక్స్ ఏ రివిజనో రాయండి. రక్షణలు లేకుండా ఒకసారి, ఉన్నాక ఒకసారి ర్యాంకు ఇవ్వండి. తీవ్రత ఎక్కువున్న వరుసలకి ‘లోపాకి పంపాలి’ (లోపా అంటే రక్షణ పొరల్ని అంకెల్లో తూచే విశ్లేషణ) అని గుర్తు పెట్టండి. సిల్ స్థాయి ఎంతో హజాప్ గదిలో తేల్చే పని కాదు. రక్షణలు చేర్చాక తీవ్రత కూడా తగ్గించేయడం తరచుగా కనిపించే పొరపాటు. ట్రిప్‌లు, అలారాలు సంభావ్యతని తగ్గిస్తాయి, డ్రమ్ పగిలితే కలిగే నష్టాన్ని కాదు.

7. సిఫార్సు ఒంటరిగా నిలబడాలి

సిఫార్సుల జాబితా వర్క్‌షీట్ నుంచి విడిపోయి ఎక్సెల్‌లోకి, అక్కడినుంచి ఎవరి ఈమెయిల్‌లోకో వెళ్తుంది. అందుకున్నవాడి దగ్గర వర్క్‌షీట్ ఉండదు. ‘పీఎస్‌వీ సైజింగ్ చెక్ చేయాలి’ అని వెళ్తే ఏ పీఎస్‌వీ, ఏ కేసు, ఎందుకు అని తిరిగి అడుగుతాడు. అడగడానికి తీరికలేనివాడైతే పాత లెక్క తిరగేసి ‘చెక్ చేశాం’ అంటాడు.

ఇలా రాయండి: ‘సిఫార్సు 17: ఎల్‌వీ-2101, దాని బైపాస్ వాల్వు రెండూ పూర్తిగా తెరిచి ఉండగా సీ-2101 నుంచి వచ్చే గ్యాస్‌ని పీఎస్‌వీ-2105 తట్టుకోగలదో లెక్కించాలి. చాలకపోతే బైపాస్‌ని మూసి తాళం వేయడం, లైనులో రిస్ట్రిక్షన్ ఆరిఫిస్ పెట్టడం లేదా పీఎస్‌వీ మార్చడం పరిశీలించాలి. కారణం: వీ-2102 డిజైన్ ప్రెషర్ 10 బార్, అబ్జార్బర్ ప్రెషర్ 65 బార్. వరుస 4.7.1, 4.7.3.’ ఎవరు చేయాలో పదవి పేరుతో రాయండి. మనుషులు బదిలీ అవుతారు.

టీమ్ గదిలో కూర్చుని కొత్త డిజైన్ గీయడం మొదలుపెడితే ఆపమనండి. సమస్య రాయండి, కావాలంటే ఒకటి రెండు దారులు సూచించండి, పరిష్కారం డిజైన్ వాళ్లకి వదిలేయండి. ‘పరిశీలించాలి’ అనే మాట తప్పేమీ కాదు, పరిశీలన ఏ ప్రశ్నకి జవాబివ్వాలో పక్కనే ఉంటే.

8. గ్యాస్ ప్లాంటులో జారిపోయే వరుసలు

మామూలు గైడ్‌వర్డ్ పట్టికతో పోతే కొన్ని సంగతులు జారిపోతాయి. వీటికి ముందే వర్క్‌షీట్‌లో చోటు పెట్టుకోండి.

గ్యాస్‌లో తేమ తీసేసే మాలిక్యులర్ సీవ్ డ్రయర్లు మొదట చెప్పుకోవాలి. ఇవి గంటల చొప్పున మారుతూ నడుస్తాయి: ఆరబెట్టడం, ప్రెషర్ దించడం, వేడిచేయడం, చల్లార్చడం, మళ్లీ ప్రెషర్ ఎక్కించడం. స్థిరంగా నడిచే ప్రాసెస్‌కి రాసినట్టు ఒకే నోడ్‌గా రాస్తే ఏమీ దొరకదు. ప్రతి దశకీ విడి షీటు పెట్టి, ఏ వాల్వులు తెరిచి ఉండాలో ముందు రాయండి, తర్వాత ‘ముందే, ఆలస్యంగా, దశ దాటేసి’ అనే గైడ్‌వర్డ్‌లు వాడండి. ఒక్క స్విచింగ్ వాల్వు లీక్ అయినా, వేళ కాని వేళ తెరుచుకున్నా, 250 డిగ్రీలు దాటిన రీజెనరేషన్ గ్యాస్ (బెడ్‌ని వేడిచేసి ఆరబెట్టేది) కోల్డ్ బాక్స్ (చల్లటి ఎక్స్ఛేంజర్లుండే పెట్టె) వైపు వెళ్లవచ్చు. అక్కడి బ్రేజ్డ్ అల్యూమినియం ఎక్స్ఛేంజర్ డిజైన్ టెంపరేచర్ సాధారణంగా 65 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ప్రెషర్ తొందరగా దించితే బెడ్ కదిలి, సీవ్ గింజలు నుజ్జయి, పొడి దిగువకి పోతుంది.

డ్రయర్ నుంచి తేమ జారితే ‘క్వాలిటీ ఆఫ్-స్పెక్’ అని రాసి వదిలేయకండి. చల్లటి విభాగంలో హైడ్రేట్ (నీరు, గ్యాస్ కలిసి కట్టే మంచులాంటి గడ్డ) కట్టి దారి మూసేస్తుంది. హై ప్రెషర్‌లో హైడ్రేట్ సున్నా డిగ్రీలకి పైన కూడా కడుతుందని గుర్తుంచుకోండి. పీఎస్‌వీ ఇన్‌లెట్ లైనులో కడితే? ట్రాన్స్‌మిటర్‌కి వెళ్లే సన్న పైపు, ఇంపల్స్ లైనులో కట్టి ట్రాన్స్‌మిటర్ పాత అంకెనే చూపిస్తూ ఉంటే? అడ్డు తీయడానికి ఒకవైపే ప్రెషర్ దించితే ఆ గడ్డ తూటాలా కదులుతుంది. ఇదీ ఒక వరుసే.

మెర్క్యురీ ‘వేరొకటి కూడా’ అనే గైడ్‌వర్డ్ కిందికి వస్తుంది. 1973లో అల్జీరియాలోని స్కిక్డా ఎల్‌ఎన్‌జీ ప్లాంటులో మెర్క్యురీ తినేసి అల్యూమినియం ఎక్స్ఛేంజర్ పాడైనప్పుడే పరిశ్రమకి ఇది గట్టిగా తెలిసొచ్చింది. మెర్క్యురీ రిమూవల్ బెడ్ ఉంటే అది అయిపోయిందని ఎలా తెలుస్తుందో, శాంపుల్ ఎప్పుడు తీస్తారో రాయండి.

ఇక బ్లోడౌన్, అంటే లోపలి గ్యాస్‌ని ఫ్లేర్‌కి వదిలి ప్రెషర్ దించడం. నిప్పంటుకున్నప్పుడు సుమారు 15 నిమిషాల్లో ప్రెషర్‌ని డిజైన్ విలువలో సగానికి దించాలన్న ఏపీఐ 521 ప్రమాణం లెక్కతో చాలా వ్యవస్థలు చేస్తారు. మంట లేకుండా, చల్లటి రోజున, ట్రిప్ పొరపాటున పడి అదే బ్లోడౌన్ జరిగితే పాత్రలు, ఫ్లేర్ హెడర్ ఎంత చలికి పోతాయి? ఆ అంకె దొరక్కపోతే అదొక సిఫార్సు.

9. గదిలో స్క్రైబ్ ఏం చేయాలి

వర్క్‌షీట్‌ని తెర మీద వేసే రాయండి. అందరూ చూస్తుండగా రాసిన వాక్యం మీద తర్వాత గొడవ ఉండదు. చర్చ సాగుతుండగా అంతా ఎక్కించకండి. ఒక కొలిక్కి వచ్చాక లీడర్‌ని ‘ఏం రాయమంటారు?’ అని అడిగి, ఆ వాక్యం పైకి చదవండి. తెలియని ట్యాగ్ నంబరు ఊహించి రాయకండి, ప్రశ్నార్థకం పెట్టి భోజనం విరామంలో కనుక్కోండి.

డీవియేషన్‌కి కారణం దొరకకపోతే గడి ఖాళీగా వదలకండి. ‘చర్చించాం, నమ్మదగ్గ కారణం కనబడలేదు, ఎందుకంటే...’ అని రాయండి. సమస్య ఉన్నవే రాసే పద్ధతిలో పని తొందరగా అవుతుంది, కానీ అందులో ఖాళీ అంటే చర్చించారనా, మర్చిపోయారనా అన్నది ఎప్పటికీ తేలదు.

హాజరు రోజువారీగా రాయండి, ఎవరు ఏ నోడ్‌కి ఉన్నారో తెలిసేలా. అమీన్ నోడ్ చేసిన రోజు ఆపరేషన్స్ నుంచి ఎవరూ లేకపోతే, ఆ షీట్లకున్న బరువు వేరు. నిజానికి ఆ రోజు ఆ నోడ్ ఆపేసి వేరేది చేయడం మేలు. రోజూ సాయంత్రం ఆ రోజు షీట్లు టీమ్‌కి పంపండి. వారం తర్వాత పంపితే ఎవరూ చదవరు.

10. రిపోర్టు, ఆ తర్వాత

రిపోర్టులో పరిధి, పరిశీలించనివి, ఊహలు, టీమ్, డాక్యుమెంట్ల పట్టిక, నోడ్‌ల జాబితా, ముఖ్యమైన ప్రమాదాల మీద రెండు పేజీల కథనం, సిఫార్సులు, పూర్తి వర్క్‌షీట్లు, రంగులు వేసిన మాస్టర్ డ్రాయింగులు ఉంటే చాలు. హజాప్ అంటే ఏమిటో పదిహేను పేజీలు అవసరం లేదు.

సిఫార్సు మూసేటప్పుడు ‘పూర్తయింది’ అనే మాట ఒప్పుకోకండి. లెక్క నంబరు, మార్చిన డ్రాయింగు రివిజన్, టెస్ట్ రికార్డు, వీటిలో ఏదో ఒక ఆధారం ఉండాలి. సిఫార్సుని తిరస్కరించవచ్చు, తప్పేమీ లేదు. కానీ తిరస్కరించిన కారణం, ఒప్పుకున్నవాళ్ల పదవి, తేదీ రాసి ఉండాలి. సిఫార్సు అమలు కొత్త ప్రమాదం తెచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి దాన్నీ మార్పుల నియంత్రణ దారిలోనే పంపండి. అక్కడ ఏం తేలిందో తిరిగి సిఫార్సు ఫైల్లో చేర్చండి.

ఎన్నాళ్లు దాచాలి? అమెరికాలో 1992లో వచ్చిన ఓషా (కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) ప్రాసెస్ సేఫ్టీ నియమం అయిదేళ్లకోసారైనా విశ్లేషణని సరిచూడమంటుంది, పాతవాటితో సహా ప్రాసెస్ బతికున్నంత కాలం దాచమంటుంది. మీ చోట చట్టం ఏం చెప్పినా అంత కాలం దాచడం మంచిది. సరిచూసే స్టడీలో పాత వరుస మార్చినప్పుడు పాతదాన్ని చెరిపేయకండి, కొత్త రివిజన్‌గా పెట్టి ఎందుకు మారిందో రాయండి.

ఫైల్ ఏ రూపంలో ఉంచుతున్నారో కూడా చూసుకోండి. హజాప్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు అయిపోయి, లోపలి వర్క్‌షీట్లు తెరవలేక ఆగిపోయే పరిస్థితి వస్తుంది. పీడీఎఫ్ ఒకటి, ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసింది ఒకటి, సాఫ్ట్‌వేర్ ఫైల్ ఒకటి, మూడూ ప్లాంటు డాక్యుమెంట్ కంట్రోల్‌లో నంబరుతో ఎక్కించండి. సిఫార్సు జాబితాలోని వరుస నంబర్లు ఈ మూడింట్లోనూ ఒకటేనా అని రిలీజ్ చేసే ముందు ఒకసారి సరిచూడండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు నంబర్లు జరిగిపోవడం మామూలే.